మిగిలితే ఫుట్‌పాత్

బీటెక్ సివిల్ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఓ చిన్న కన్సల్టెన్సీలో. హోదా పేరు డిజైన్ ట్రైనీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆటోక్యాడ్‌లో రోడ్ల క్రాస్ సెక్షన్లు గీయడమే పని. రోడ్డును కేకులా అడ్డంగా కోసి చూస్తే ఏది ఎంత వెడల్పులో కనిపిస్తుందో, ఆ బొమ్మే క్రాస్ సెక్షన్.

రెండో వారంలో ఓ టౌన్‌లోని 18 మీటర్ల రోడ్డు నా చేతికొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సీనియర్‌ని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పారు: "ముందు మధ్యలో డివైడర్ వెయ్. అటు రెండు లేన్లు, ఇటు రెండు లేన్లు. పక్కన డ్రెయిన్. ఏమైనా మిగిలితే ఫుట్‌పాత్ వెయ్."

వేశాను. లేన్‌కి 3.5 మీటర్ల చొప్పున నాలుగు లేన్లకు 14 మీటర్లు. డివైడర్‌కి 1.2. మిగిలింది 2.8, అంటే ఒక్కో పక్కకు 1.4 మీటర్లు. కింద డ్రెయిన్, దాని మీద సిమెంటు పలకలు, అదే ఫుట్‌పాత్. కరెంటు స్తంభాలు ఎక్కడ పెడతారని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. డ్రాయింగ్ పాసైపోయింది. ఇంటికి ఫోన్ చేసి 'నేను డిజైన్ చేసిన రోడ్డు వేస్తున్నారు' అని గొప్పగా చెప్పుకొన్నాను కూడా.

ఏడాదిన్నర తర్వాత ఫ్రెండ్ పెళ్లికి అదే ఊరు వెళ్లాను. బస్టాండ్ నుంచి ఫంక్షన్ హాలు ముప్పావు కిలోమీటరు. ఆటో ఎందుకు, మన రోడ్డే కదా అని నడక మొదలుపెట్టాను. ఇరవై అడుగులు వేశానో లేదో, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్. దిగాను. మళ్లీ ఎక్కాను. టీ బండి. దిగాను. తర్వాత రెండు పలకలు లేవు, కింద డ్రెయిన్ కనబడుతోంది. ఇక ఎక్కడం మానేసి అందరిలాగే రోడ్డు మీదే నడిచాను.

సగం దూరంలో సంచీ పట్టుకున్న ఓ పెద్దావిడ డివైడర్ దగ్గర నిలబడి ఉంది. అవతల మందుల షాపుంది. ఆ డివైడర్‌కి సందు కావాలంటే అటో ఇటో చాలా దూరం నడవాలి. "కొంచెం చెయ్యి పట్టుకో నాయనా, ఎక్కి దిగుతా" అంది. పట్టుకున్నాను. ఎక్కింది, దిగింది, దీవించి వెళ్లిపోయింది. ఆ డివైడర్ గీసింది నేనేనని ఆవిడకు చెప్పలేదు.

లెక్కలో లేని మనిషి

చాలా రోజులు తప్పంతా మా సీనియర్‌దే అనుకున్నాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే అర్థమైంది, ఆయనకూ అలాగే నేర్పారు. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసేది 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ. సివిల్ వాళ్లు దీని కోడ్ నంబర్లు పరీక్షల కోసం బట్టీ పడతారు. మిగతా బ్రాంచిల వాళ్లకు పేరు కూడా తెలియదు.

సిటీ రోడ్డు మీద ఎంత ట్రాఫిక్ పడుతుందో లెక్కగట్టడానికి ఐఆర్‌సీ 1990లో ఇచ్చిన 106వ నంబరు కోడ్ ఉంది. అందులో కొలమానం పేరు 'ప్యాసింజర్ కార్ యూనిట్', పొట్టిగా పీసీయూ. కారు అంటే 1. బస్సుకి, ట్రాఫిక్‌లో దాని వాటాను బట్టి 2.2 నుంచి 3.7. సైకిల్‌కి 0.4 లేదా 0.5. ఒకసారి ఆగి ఆలోచించండి. యాభై మందితో వెళ్లే బస్సు ఆ లెక్కలో మూడు కార్లంత 'భారం'. ఒక్కడే కూర్చున్న కారు ఒకటి. నడిచే మనిషికి ఆ పట్టికలో అంకెే లేదు.

పాదచారులకు వేరే కోడ్ లేకపోలేదు. 103వ నంబరు కోడ్ 1988లోనే వచ్చింది. కానీ రోడ్డు వెడల్పు తేల్చేది మాత్రం కార్ల లెక్కే. అక్కడ అంకె లేనివాడికి డ్రాయింగ్‌లోనూ చోటు ఉండదు. మా సీనియర్ అన్న 'మిగిలితే' అనే మాట పుట్టింది ఇక్కడే.

అంకె లేని ఆ మనిషి ప్రమాదాల పట్టికలో మాత్రం కనిపిస్తాడు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. రోజుకు దాదాపు 90 మంది. బైకుల మీద వెళ్తూ పోయినవాళ్లు 74,897. సైకిళ్ల వాళ్లనూ కలిపితే మొత్తం మరణాల్లో మూడింట రెండొంతులు వీళ్లవే.

కోడ్ మారింది, టెంప్లేట్ మారలేదు

2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం ఒక మాట సూటిగా చెప్పింది: కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదు. ఆ తర్వాత కోడ్‌లు నెమ్మదిగా మారుతూ వచ్చాయి. పాదచారుల కోడ్‌ని 2012లో, మళ్లీ 2022లో సవరించారు. సైకిల్ ట్రాకుల కోడ్ 2015లో, వేగం తగ్గించే ఏర్పాట్లది 2018లో కొత్తగా రాశారు. సిటీ వీధుల కొలతలకు సంబంధించిన 86వ నంబరు కోడ్, 1983 నాటిది, అదీ 2018లో మారింది.

మరి వీధులు ఎందుకు మారలేదు? నాకు అర్థమైనంతలో, ఢిల్లీలో కోడ్ మారితే మున్సిపల్ ఆఫీసులో ఏఈ కంప్యూటర్‌లో ఉన్న పాత డ్రాయింగ్ దానంతట అది మారదు. ఎస్టిమేట్ వేసేటప్పుడు ఆయన తెరిచేది ఐఆర్‌సీ పుస్తకం కాదు, పోయినసారి పాసైన ఫైలు. ఇంకో చిక్కు స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్, మనవాళ్లు ఎస్‌ఎస్‌ఆర్ అంటారే, అది. తారుకి, కాంక్రీటుకి అందులో రేటుంటుంది. అంధులకు దారి చూపే గాడి టైల్స్ లాంటి కొత్త ఐటమ్‌కి రేటు లేదనుకోండి, విడిగా రేట్ అనాలిసిస్ రాసి పైవాళ్ల ఆమోదం తెచ్చుకోవాలి. వారంలో పది ఎస్టిమేట్లు పంపాల్సిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది? ఆ ఐటమ్ కొట్టేస్తారు. అందుకే ఏ సిటీకి ఆ సిటీ తన వీధి డిజైన్ ప్రమాణాలు తిరగరాసుకోవాలి. డ్రాయింగ్, కొలత, మెటీరియల్, టెండర్ షరతు అన్నీ ఒకే చోట ఉంటే కొత్త పద్ధతి ఏఈకి పాత పద్ధతంత సులువవుతుంది.

ఇలా చేసిన సిటీలు ఉన్నాయి. చెన్నై 2014లో నడక, సైకిల్ ప్రయాణాల కోసం ప్రత్యేక విధానం తెచ్చుకుంది. 2019లో తెరిచిన పాండీ బజార్ నడకదారి ఆ తోవలో వచ్చిందే. పుణె 2016లో సొంత స్ట్రీట్ డిజైన్ గైడ్‌లైన్స్ రాసుకుంది. జంగ్లీ మహారాజ్ రోడ్డు చూసినవాళ్లకు ఫలితం తెలుసు.

నేను దగ్గర్నుంచి చూసింది బెంగళూరు. ఇక్కడి 'టెండర్‌ష్యూర్' రోడ్లకు జనా అర్బన్ స్పేస్ అనే సంస్థ ప్రమాణాలు రాసింది. సెయింట్ మార్క్స్ రోడ్, రెసిడెన్సీ రోడ్, విఠల్ మాల్యా రోడ్ ఇలా మారినవే. ఇంటర్వ్యూకని బెంగళూరు వస్తే ఓ గంట ముందొచ్చి వాటి మీద నడిచి చూడండి. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. మన రోడ్లు ఒకచోట నాలుగు లేన్లు, కాస్త ముందుకెళ్తే రెండు, మళ్లీ మూడు. నీళ్ల పైపు ఎంత లావున్నా అందులో సన్నటి చోటు ఎంతో, వచ్చే నీరు కూడా అంతే కదా. రోడ్డూ అంతే. వెడల్పైన చోట ఉన్న అదనపు తారు ట్రాఫిక్‌కి ఉపయోగపడదు, అడ్డదిడ్డం పార్కింగ్‌కి ఉపయోగపడుతుంది. అందుకని లేన్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పులో ఉంచి, మిగతా స్థలమంతా ఫుట్‌పాత్‌కి ఇచ్చేశారు. చూశారా, 'మిగిలితే' ఇక్కడ తిరగబడింది.

రెండోది, నీళ్లు, కరెంటు, కేబుళ్లు అన్నీ ఫుట్‌పాత్ కింద డక్టుల్లో వెళ్తాయి. కేబుల్ వేయాలంటే తారు తవ్వక్కర్లేదు, ఛాంబర్ మూత తీస్తే చాలు. దీనికి ఖర్చెక్కువని, సిటీ నడిబొడ్డున ఖరీదైన వీధులకే ఈ యోగం పట్టిందని విమర్శలొచ్చాయి. రెండోదాంతో నేనూ ఏకీభవిస్తాను. నేను అద్దెకుండే లేఅవుట్‌లో ఇప్పటికీ రోడ్డు మీదే నడక.

మన దగ్గర? కేంద్రం పెట్టిన 'స్ట్రీట్స్ ఫర్ పీపుల్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో విజయవాడ ఉంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. ఆదివారం పొద్దున్న తొక్కడానికి అది బాగుంటుంది. అమీర్‌పేటలో హాస్టల్ నుంచి కోచింగ్‌కి పోయే కుర్రాడికి మాత్రం దానితో పని పడదు. వాడికి కావాల్సింది గల్లీ చివర నుంచి మెట్రో మెట్ల దాకా ఆగకుండా నడిచే నాలుగు వందల మీటర్లు.

అదే 18 మీటర్లు, ఇంకోలా

ఇప్పుడు అదే రోడ్డును కొత్త పద్ధతిలో గీద్దాం. మధ్యలోంచి కాదు, అంచుల నుంచి మొదలుపెట్టాలి. 103వ కోడ్ ఫుట్‌పాత్‌ని మూడు పట్టీలుగా చూడమంటుంది. షాపు ముందు జనం నిలబడే చోటు, ఏ అడ్డూ లేకుండా నడిచే చోటు, స్తంభాలు చెట్లు బెంచీల చోటు. మధ్య పట్టీ కనీసం 1.8 మీటర్లు ఉండాలి, పైన 2.2 మీటర్ల ఎత్తు దాకా ఏమీ తగలకూడదు. ఎదురెదురుగా రెండు వీల్‌చెయిర్లు దాటిపోయేంత జాగా అన్నమాట.

షాపుల ముందు అర మీటరు, నడకకు 1.8, స్తంభాలకు, చెట్లకు ఒక మీటరు. ఒక పక్క 3.3, రెండు పక్కలా 6.6. మిగిలింది 11.4. బస్సు పట్టే లేన్లు రెండు, ఒక్కోటి 3.3 మీటర్లు. ఇంకా 4.8 ఉంది, పక్కకి 2.4. అందులో సైకిల్ ట్రాకా, పార్కింగా, బస్టాపా, ఆటో స్టాండా? అసలు గొడవ మొదలయ్యేది ఇక్కడే. షాపుల వాళ్లు పార్కింగ్ అంటారు. స్కూలుంటే తల్లిదండ్రులు సైకిల్ ట్రాక్ అంటారు. దీనికి కోడ్‌లో జవాబు దొరకదు, ఆ వీధిలో నిలబడి లెక్కపెట్టాలి.

'నాలుగు లేన్లను రెండు చేస్తారా?' అని మీరు అడుగుతారని తెలుసు. నేను గీసిన నాలుగు లేన్లలో అంచు లేన్లు రెండూ పొద్దుగూకులూ బైకులు, తోపుడు బండ్లు, ఆగిన ఆటోలతో నిండి ఉన్నాయి. కదిలేవి అప్పుడూ రెండే. అయినా ఆ ఊళ్లోంచి లారీలు, దూరప్రాంత బస్సులు వెళ్తుంటే, బైపాస్ లేకుంటే ఈ డ్రాయింగ్ పనికిరాదు. ట్రాఫిక్ కౌంట్ చేయకుండా నేనైతే సంతకం పెట్టను.

సామర్థ్యం గురించి ఓ అంకె గుర్తుంచుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో 2016లో ఇచ్చిన గైడ్ ప్రకారం పది అడుగుల వెడల్పులో గంటకు సొంత వాహనాల్లో 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే వెడల్పు బస్సులకు ప్రత్యేకంగా ఇస్తే 4,000 నుంచి 8,000. ఫుట్‌పాత్‌గా ఇస్తే 9,000.

వెడల్పుకీ వేగానికీ లింకుంది. లేన్ వెడల్పుగా, నున్నగా ఉంటే బోర్డు మీద ఏం రాసినా కాలు యాక్సిలరేటర్ మీదికే పోతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం 50 అయితే గతిశక్తి దాదాపు 2.8 రెట్లవుతుంది, ఇంటర్ ఫిజిక్సే. ఆ శక్తి చివరికి ఎవరి ఒంటి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కొత్త ప్రమాణాలు మలుపుల దగ్గర వంపు తగ్గించి వాహనం నెమ్మదించేలా చేస్తాయి. దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపుతాయి. దిగి ఎక్కే బాధ మనిషికి కాకుండా బండికి పెట్టడమన్నమాట.

చిన్నవిగా కనిపించే వాటి దగ్గరే చాలా డిజైన్లు దెబ్బతింటాయి. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటొద్దంటుంది కోడ్. మన దగ్గర అడుగున్నర ఎత్తువి కూడా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాటి జోలికే పోరు. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్‌ని కిందికి దించి మళ్లీ లేపితే నడక ఊయలూగినట్టుంటుంది. ఫుట్‌పాత్ సమంగా ఉంచి కారుకే ర్యాంప్ ఇవ్వాలి. బైకులు ఎక్కకుండా బొల్లార్డులు పాతుతారు, కానీ వీల్‌చెయిర్ పట్టే సందులో స్కూటీ కూడా పడుతుంది. దీనికి మంచి పరిష్కారం నేనింకా ఎక్కడా చూడలేదు. మీకు తడితే గీయండి.

సంతకం విలువ లక్ష

ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సులకు ప్రత్యేక లేన్లు వేశారు. కార్లవాళ్ల కోపం చల్లారలేదు, కేసు హైకోర్టు దాకా వెళ్లింది. 2012లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసినా, 2016లో ప్రభుత్వమే లేన్లను తీసేసింది. అదే సమయంలో అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. అంటే వీధి మార్చడంలో సగం ఇంజినీరింగ్, సగం జనాన్ని ఒప్పించడం. కాలేజీలో మనకు రెండో సగం చెప్పరు.

చట్టం కూడా మెల్లగా బిగుస్తోంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా రోడ్డు డిజైన్ చేసిన కన్సల్టెంటుకి, కట్టిన కాంట్రాక్టరుకి, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ప్రాణానికి లక్షేనా అంటే నా దగ్గర జవాబు లేదు. కానీ అంతకుముందు డిజైనర్ వంక వేలు చూపించే సెక్షనే లేదు.

2025 మే 14న సుప్రీంకోర్టు, సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న ఇంకో అడుగు ముందుకేసి, జాతీయ రహదారులు కాని రోడ్ల డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలపై 210డి సెక్షన్ కింద నిబంధనలు చేయాలంటూ రాష్ట్రాలకు ఆరు నెలల గడువిచ్చింది. నిబంధనలు రాయాలన్నా, పాత టెంప్లేట్లు మార్చాలన్నా, ప్రతి వీధినీ కొలవాలన్నా ఎవరో కూర్చుని పని చేయాలిగా. ఈ పేజీలో ఇదంతా రాయడానికి కారణం అదే.

ఎవరికి ఏ దారి

సివిల్ వాళ్లకు దారి తెలిసిందే. ఎంటెక్ ట్రాన్స్‌పోర్టేషన్ ఎన్ఐటీ వరంగల్‌లో ఉంది. గేట్ స్కోరుతో ఎం.ప్లాన్ చేయొచ్చు, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మనకు దగ్గర. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలోనూ ప్లానింగ్ కోర్సులున్నాయి. అర్హత ఏ బ్రాంచికి ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, సీనియర్ చెప్పాడని ఫీజు కట్టేయకండి. ఏఈ, ఏఈఈ పరీక్షలు రాసేవాళ్లు ఐఆర్‌సీ 103ని బిట్ల కోసం కాకుండా ఒక్కసారి బొమ్మలు గీస్తూ చదవండి. రోడ్ సేఫ్టీ ఆడిట్ ఇంకో రంగం. ఐఆర్‌సీ ఎస్‌పీ 88 మాన్యువల్ దానికి ఆధారం, ఢిల్లీలోని సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ ఇస్తుంది.

సీఎస్‌ఈ వాళ్లు ఇది మనది కాదనుకోవద్దు. నేను సివిల్ వదిలేసి జీఐఎస్ వైపు వచ్చాకే ఈ రంగంలో డేటా పని ఎంతుందో తెలిసింది. ఫుట్‌పాత్‌లు ఎక్కడున్నాయో చూపే మ్యాప్ చాలా మున్సిపాలిటీల దగ్గర లేదు. వీడియోలోంచి నడిచేవాళ్లను లెక్కపెట్టే కంప్యూటర్ విజన్, బస్సుల టైమింగ్స్ డేటా, సిమ్యులేషన్ ఇవన్నీ కోడింగ్ పనులే. క్యూజీఐఎస్, సుమో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మూడూ ఉచితం. వీధి క్రాస్ సెక్షన్లు ఆడుకున్నట్టు గీయడానికి స్ట్రీట్‌మిక్స్ ఉంది, బ్రౌజర్‌లోనే పని చేస్తుంది. చెన్నైలోని ఐటీడీపీ ఇండియా, బెంగళూరులో ఆఫీసున్న డబ్ల్యూఆర్ఐ ఇండియా లాంటి సంస్థల వెబ్‌సైట్లు చూస్తుండండి. జీతాలు? సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే మొదట్లో తక్కువేనని ముందే చెప్తున్నా. నేను కూడా ఇల్లు గడవడానికి వేరే ఉద్యోగమే చేస్తున్నాను.

ఫ్రెషర్ రెజ్యూమెలో 'టీమ్ ప్లేయర్' అని రాసే బదులు ఒక పని చేయండి. ఐదు మీటర్ల టేపు కొనండి. మీ కాలేజీ గేటు నుంచి బస్టాప్ దాకా ప్రతి పాతిక అడుగులకూ ఫుట్‌పాత్ ఎంత వెడల్పుందో, ఎంత ఎత్తుందో, అడ్డం ఏముందో రాసుకోండి. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి గంటసేపు ఒకచోట కూర్చుని నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకులు, ఆటోలు, బస్సులు, కార్లు విడివిడిగా లెక్కపెట్టండి. బస్సు వస్తే లోపల ఎంతమందో కూడా ఉజ్జాయింపుగా రాయండి. రెండు పేజీల రిపోర్టు, ఒక మ్యాప్, ఇప్పుడున్న క్రాస్ సెక్షన్, మీరు మార్చినది. ఒకటి రెండు ఇంటర్వ్యూ ప్యానెళ్లలో నేనూ కూర్చున్నాను. సర్టిఫికెట్లు పది పెట్టినవాళ్లను వెంటనే మర్చిపోయాను, ఇలాంటి రెండు పేజీలు తెచ్చిన అమ్మాయి వీధి ఇప్పటికీ గుర్తుంది.

నేనూ నా 18 మీటర్ల రోడ్డును మళ్లీ గీశాను. ఎవరూ అడగలేదు, ఫీజూ లేదు. డివైడర్ తీసేశాను. మందుల షాపు ఎదురుగా రోడ్డును 150 మిల్లీమీటర్లు లేపి దాటే చోటు పెట్టాను. ఆ ఊరి మున్సిపల్ ఆఫీసుకి పోస్టులో పంపి నాలుగు నెలలైంది. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఇన్వర్డ్ నంబరు అడగాలి.